వయ్యారిభామను మేసే పురుగుకు దిక్కెవరు?

పోయిన శ్రావణమాసంలో ఒకరోజు పొద్దున్నే మా చిన్నాయన ఫోన్ చేశాడు. "అబ్బీ, గెనిమ మీద వయ్యారిభామ నిండా ఏందో పురుగు పడింది రా. తెల్లగా ఉంది, ఒంటి మీద నల్ల చారలు. ఆకంతా జల్లెడ చేసి పెట్టింది. ఇయ్యాల గెనిమ మీద ఉంది, రేపు శెనక్కాయ చేన్లోకి దిగితే ఏం కావల్ల? అంగట్లో అడిగితే మందు ఇచ్చినారు. ఒకసారి నువ్వొచ్చి చూసిపో, మధ్యాహ్నానికి కొట్టేస్తా" అన్నాడు.

నేను వెళ్లేసరికి డ్రమ్ములో నీళ్లు పట్టి, స్ప్రేయరు సిద్ధం చేసుకుని కూర్చున్నాడు. రెండు రోజుల కూలి డబ్బు పెట్టి తెచ్చిన సీసా పక్కనే ఉంది. గెనిమ దగ్గరికెళ్లి చూస్తే మోకాలెత్తు వయ్యారిభామ, దాని మీద వందల పురుగులు. పక్కనే నాలుగడుగుల దూరంలో ఉన్న వేరుశనగ ఆకు మీద ఒక్కటీ లేదు. చేలోకి దిగి పది సాళ్లు వెతికాం. ఒక్కటీ కనిపించలేదు.

"చిన్నాయనా, ఇది నీ చేను తినే పురుగు కాదు. నువ్వు కూలీలను పెట్టి పీకించే పిచ్చిమొక్కను ఉచితంగా తింటున్న పురుగు. దీనికి మందు కొడితే నీ పనివాణ్ణి నువ్వే కొట్టుకున్నట్టు" అన్నాను. ఆయన నమ్మలేదు. "మరి అంగడాయన మందు ఎందుకిచ్చినాడు?" అని అడిగాడు.

ఆ ప్రశ్నకు జవాబు వెతకడానికే ఈ వ్యాసం. అంగడాయనను తిట్టడం నా ఉద్దేశం కాదు. పురుగు పడిందని రైతు చెబితే మందు ఇవ్వడం ఆయన వ్యాపారం. ఇది మేలు చేసే పురుగని మా చిన్నాయనకు చెప్పాల్సిన వాళ్లు నలభై ఏళ్లుగా ఎందుకు చెప్పలేదన్నదే అసలు ప్రశ్న.

ఏమిటీ పురుగు?

దీని శాస్త్రీయ నామం జైగోగ్రామా బైకలరేటా. మన వ్యవసాయ శాఖ కరపత్రాల్లో మెక్సికన్ పెంకు పురుగు అని రాస్తారు. ఆకులు తిని బతికే పెంకు పురుగుల కుటుంబానికి చెందినది. సొంత ఊరు మెక్సికో. వయ్యారిభామ పుట్టిందీ ఆ ప్రాంతంలోనే. అక్కడ ఈ మొక్కను తినే పురుగులు, తెగుళ్లు ఎన్నో ఉన్నాయి కాబట్టి మొక్క అదుపులో ఉంటుంది. మన దేశానికి మొక్క వచ్చింది గానీ, దాన్ని తినేవి రాలేదు. అందుకే ఇక్కడ అడ్డూ అదుపూ లేకుండా పెరిగింది.

పెద్ద పురుగు కందిగింజంత ఉంటుంది. రెక్కల పెంకు మీద పాలిపోయిన తెలుపు, దాని మీద నిలువుగా ముదురు గోధుమరంగు చారలు. వంగ మీద కనిపించే అక్షింతల పురుగుకు చుక్కలుంటాయి, దీనికి చారలు. ఈ తేడా ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు.

తొలకరి వానలు పడగానే నేలలోంచి పైకి వస్తుంది. ఆడపురుగు ఆకు అడుగున గుడ్లు పెడుతుంది. ఒక్కో ఆడపురుగు తన జీవితకాలంలో వందల గుడ్లు పెడుతుంది. నాలుగైదు రోజుల్లో పిల్ల పురుగులు బయటికొచ్చి మొదట లేత చిగుళ్లను, మొగ్గలను తింటాయి. మనకు ముఖ్యమైన సంగతి ఇదే. చిగురు పోతే పూత ఆగుతుంది. పూత ఆగితే విత్తనం ఆగుతుంది. బాగా పెరిగిన వయ్యారిభామ మొక్క ఒక్కటే పదిహేను వేల నుంచి ఇరవై ఐదు వేల దాకా విత్తనాలు రాలుస్తుంది. అందువల్ల పూత పడకుండా చేసే ప్రతి నోరూ మనకు విలువైనదే. పిల్ల పురుగులు రెండు వారాలు తిని, నేలలోకి దిగి గూడు కట్టుకుని, మళ్లీ పెంకు పురుగులై పైకి వస్తాయి. గుడ్డు నుంచి పెద్ద పురుగు అయ్యేదాకా సుమారు నెల. వానాకాలంలో ఇలా కొన్ని తరాలు గడుస్తాయి. చలికాలం మొదలయ్యాక నేలలోకి వెళ్లి, మళ్లీ వాన పడేదాకా నిద్రపోతుంది.

ఈ కలుపు మనకు చేస్తున్న నష్టం

వయ్యారిభామ అంటే మనలో చాలామందికి గట్టు మీద పిచ్చిమొక్క. చేలోకి రాకపోతే పట్టించుకోం. 1955లో పూణెలో దీన్ని గుర్తించారు. అమెరికా నుంచి దిగుమతైన గోధుమలతో కలిసి వచ్చిందని మన పెద్దలు చెబుతారు. ఆ తర్వాత రోడ్ల వెంట, రైలు పట్టాల వెంట, కాలువ గట్ల వెంట దేశమంతా పాకింది. కాంగ్రెస్ గడ్డి అని పిలిచినా, వయ్యారిభామ అని పిలిచినా మొక్క అదే.

దీని నష్టాన్ని మొదట భరించేది కలుపు తీసే ఆడవాళ్లు. ఒట్టి చేతులతో పీకితే చేతులు, మెడ, మొహం మీద దద్దుర్లు, దురద. కొందరికి చర్మం నల్లబడి, పగిలి, ఎండ తగిలితే మంట. పుప్పొడి ముక్కులోకి పోతే తుమ్ములు, ఆయాసం. మా ఊళ్లో ఒక వదినె నాలుగేళ్లుగా కలుపు పనికి రావడం మానేసింది. చేతులు చూపిస్తే ఎవరూ ఇంకేమీ అడగరు. ఆ నాలుగేళ్ల కూలి ఏ లెక్కల్లోనూ లేదు. పశువులు మేత దొరక్క ఈ మొక్కను తింటే పాలు చేదెక్కుతాయి. పాల కేంద్రం దగ్గర ఆ నష్టమూ రైతుదే.

అనంతపురం రైతులకు ఇంకో గాయం ఉంది. 2000 సంవత్సరం ఖరీఫ్‌లో వేరుశనగ మొక్కలు తలలు వాల్చి, కాండం నల్లబడి చచ్చిపోయాయి. ఉమ్మడి అనంతపురం జిల్లాలో సుమారు 2.25 లక్షల హెక్టార్లలో తెగులు సోకింది. నష్టం 300 కోట్ల రూపాయలు దాటింది. మొదట్లో అది ఏం తెగులో కూడా తెలియక రైతులు దొరికిన మందల్లా కొట్టారు. తర్వాత ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు తేల్చిందేమిటంటే, అది వైరస్ వల్ల వచ్చే కాండం కుళ్లు తెగులు. ఆ వైరస్‌కు ఇల్లు వయ్యారిభామ.

వైరస్ సోకినా వయ్యారిభామ మొక్కలో ఏ లక్షణమూ కనిపించదు. పచ్చగా, ఏపుగా ఉంటుంది. వైరస్ దాని పుప్పొడిలో ఉంటుంది. ఆ పూలలో తిరిగే తామర పురుగుల ఒంటికి పుప్పొడి అంటుకుంటుంది. అవి వేరుశనగ మీద వాలి ఆకును గీకినప్పుడు ఆ గాయంలోంచి వైరస్ లోపలికి పోతుంది. గాలికి ఎగిరి ఆకుల మీద పడిన పుప్పొడి కూడా ఇదే పని చేస్తుంది. పొద్దుతిరుగుడులో ఎండు తెగులు తెచ్చిందీ ఈ వైరసే.

కాబట్టి గట్టు మీది పిచ్చిమొక్క గట్టు మీదే ఉండిపోదు. దాని పుప్పొడి మన చేలోకి వస్తుంది, మన అప్పుల పుస్తకంలోకీ వస్తుంది. ఆ పుప్పొడి పుట్టకముందే మొగ్గను తినేసే పురుగు మనకు శత్రువా, మిత్రుడా?

పొద్దుతిరుగుడు మీద పడ్డ నింద

మిత్రుడే అయితే ఎవరూ ఎందుకు చెప్పలేదు అని అడగాలి. జవాబు మన పక్క జిల్లా కోలారులో ఉంది.

ఈ పురుగును 1983లో మెక్సికో నుంచి బెంగళూరుకు తెచ్చారు. తెచ్చి నేరుగా వదల్లేదు. మూసిన గదుల్లో పెంచి, ఇరవైకి పైగా కుటుంబాలకు చెందిన నలభై రకాల మొక్కల మీద పెట్టి చూశారు. మన పంటల మీద బతకలేదని తేలాక 1984లో బెంగళూరు పరిసరాల్లో విడుదల చేశారు. మూడు నాలుగేళ్లు ఎక్కడుందో తెలియనంత తక్కువగా ఉండి, 1988 వచ్చేసరికి ఒక్కసారిగా పెరిగింది. బెంగళూరు చుట్టుపక్కల వయ్యారిభామ ఆకు లేకుండా మోడైంది. అక్కడి నుంచి ఎవరూ మోయకుండానే చుట్టుపక్కల జిల్లాలకు, సరిహద్దు దాటి మన వైపుకు పాకింది.

1991లో కోలారు జిల్లాలో పొద్దుతిరుగుడు రైతులు గగ్గోలు పెట్టారు. చారల పురుగు తమ పంట ఆకుల మీద పడి తింటోందన్నారు. పత్రికల్లో పెద్ద వార్తలొచ్చాయి. కలుపును చంపుతామని తెచ్చిన పురుగు పంటను మింగుతోందని రాశారు. కేంద్రం నిజనిర్ధారణ కమిటీ వేసింది. పురుగును కొత్తగా విడుదల చేయడం ఆపేశారు.

పరిశోధనలో బయటపడిన సంగతి ఆసక్తికరమైనది. పొద్దుతిరుగుడు, వయ్యారిభామ రెండూ ఒకే కుటుంబం మొక్కలు. అయినా ఈ పురుగు పొద్దుతిరుగుడు మీద గుడ్డు నుంచి పెద్దదయ్యేదాకా బతికి సంతానం పెంచుకోలేదు. మరి ఎందుకు తిన్నది? చేని చుట్టూ ఉన్న వయ్యారిభామ పుప్పొడి గాలికి లేచి పొద్దుతిరుగుడు ఆకుల మీద పడింది. ఆ పుప్పొడి వాసన, రుచి పట్టుకుని పురుగు ఆకును కొరికింది. పైగా చుట్టూ వయ్యారిభామ అంతా తినేశాక ఆకలితో తిరుగుతున్న పురుగులవి. వయ్యారిభామ లేని చోట పొద్దుతిరుగుడుకు ఆ బెడద లేదు. నేరం చేయించింది మళ్లీ ఆ కలుపే. కమిటీ కూడా పురుగు వల్ల పంటకు చెప్పుకోదగ్గ ప్రమాదం లేదనే తేల్చింది. 1990ల చివర్లో ఆంక్షలు ఎత్తేశారు. ఆ తర్వాత జబల్‌పూర్‌లోని కలుపు పరిశోధన సంస్థ దీన్ని పెంచి అనేక రాష్ట్రాలకు పంపింది.

ఇక్కడ శాస్త్రవేత్తల పక్షం వహించి కోలారు రైతులను తెలివి తక్కువ వాళ్లని అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. తన చేలో ఆకు తింటున్న పురుగును కళ్లారా చూసిన రైతు భయపడటంలో తప్పేముంది? ఆయన ఊరి చుట్టూ ఒక విదేశీ పురుగును వదిలారు. ఎందుకు వదిలారో, ఎలా ఉంటుందో, ఏం తింటుందో, ఏం జరిగితే ఎవరికి చెప్పాలో ముందుగా ఊరికొచ్చి చెప్పి ఉంటే ఆ గగ్గోలులో సగం ఉండేది కాదు. పరీక్షలన్నీ సక్రమంగా జరిగాయి, రైతుతో మాట్లాడటం ఒక్కటే జరగలేదు. ఆ ఒక్క లోపం వల్ల మంచి పని ఏళ్ల తరబడి ఆగిపోయింది. ఆ లోపాన్ని ఇప్పటికీ సరిదిద్దలేదనడానికి మా చిన్నాయన స్ప్రేయరే సాక్ష్యం.

మన నేల మీద ఇది కొత్త కాదు

పురుగుతో కలుపును అదుపు చేయడం మన ప్రాంతానికి తెలియని విద్య కాదు. మన తాతల కాలంలో రాయలసీమ బీళ్లను, పొలాల సరిహద్దులను నాగజెముడు ఆక్రమించి ఉండేదని వినే ఉంటారు. ఇప్పుడు అంతటి నాగజెముడు ఎక్కడుంది? 1926లో శ్రీలంక నుంచి ఒక చిన్న పురుగును అప్పటి మద్రాసు రాష్ట్రానికి తెచ్చి వదిలారు. తెల్లటి దూదిలా మొక్కకు అంటుకుని, నలిపితే ఎర్రటి రంగు కారే పురుగది. కొన్నేళ్లలోనే నాగజెముడు గుట్టలు కుప్పకూలాయి. దాని కోసం ఏ రైతూ మందు సీసా కొనలేదు.

కేరళలో నీటి కలుపు సాల్వీనియా వరి పొలాలను, కాలువలను కప్పేసి పడవలు కూడా నడవనివ్వని రోజుల్లో, 1980లలో ఆస్ట్రేలియా నుంచి ఒక ముక్కు పురుగును తెచ్చి వదిలారు. రెండు మూడేళ్లలో నీళ్లు మళ్లీ కనిపించాయి. కలుపు తీతకు రైతులు పెడుతున్న ఖర్చు భారీగా తగ్గింది.

ఈ రెండు ఉదాహరణల్లో ఒక పోలిక ఉంది. రెండూ ప్రభుత్వ ఖర్చుతో, అందరి మేలు కోసం జరిగాయి. పురుగుకు సరిహద్దు రాళ్లు తెలియవు. రెండెకరాల రైతు చేనికీ, ఇరవై ఎకరాల ఆసామి చేనికీ ఒకేలా పనిచేస్తుంది. కౌలు రైతును పాసుపుస్తకం అడగదు.

పరిమితులు కూడా చెప్పుకోవాలి

సంఘం పత్రికలో అర్ధసత్యాలు రాయకూడదు. ఈ పురుగు వయ్యారిభామను పూర్తిగా తుడిచిపెట్టదు. నలభై ఏళ్ల అనుభవం చెప్పేది అదే.

మొదటిది, ఇది వానాకాలపు పనివాడు. జూన్ నుంచి అక్టోబరు దాకా బాగా తింటుంది. వయ్యారిభామ మాత్రం తడి తగిలితే చాలు, ఏ నెలలోనైనా మొలుస్తుంది. కాలువ కింద, బోరు కింద చలికాలంలో మొలిచిన మొక్కను తినడానికి పురుగు పైన ఉండదు.

రెండోది, వాన బాగా పడిన చోట, నాలుగైదేళ్లు కదిలించకుండా వదిలిన చోట పురుగు స్థిరపడుతుంది. మన మెట్ట ప్రాంతాల్లో వానలు వెనక్కి పోతే పురుగు కూడా ఆలస్యంగా లేస్తుంది. అప్పటికి మొక్క పూతకొచ్చి ఉంటుంది.

మూడోది, నేలలో ఏళ్ల తరబడి పేరుకున్న విత్తనం ఉంది. ఒక ఏడాది ఆకు తిన్నంత మాత్రాన ఆ నిల్వ కరగదు.

నాలుగోది, మనం పంటకు కొట్టే పురుగుమందు గాలికి గట్టు మీద పడినా ఈ పురుగు చస్తుంది. మందుల వాడకం ఎక్కువగా ఉన్న మండలాల్లో ఇది నిలబడటం కష్టం.

అందువల్ల పురుగు ఒక్కటే సరిపోదు. పూత రాకముందు పీకడం, పీకిన చోట తంగేడు జాతి మొక్కలో, గడ్డో పెరగనిచ్చి వయ్యారిభామకు చోటు లేకుండా చేయడం, వేరుశనగ చేని చుట్టూ నాలుగైదు సాళ్లు జొన్న వేసి పుప్పొడిని, తామర పురుగులను అడ్డుకోవడం, వీటన్నిటితో పాటు పురుగు. అన్నీ కలిస్తేనే ఫలితం.

సీసాలో పట్టని మందు

ఇప్పుడు చిన్నాయన అడిగిన ప్రశ్నకు వద్దాం. ఈ పురుగు గురించి ఎవరూ ఎందుకు చెప్పరు?

ఎందుకంటే దీన్ని సీసాలో పోసి అమ్మలేరు. ఒకసారి వదిలితే తనంతట తాను పెరుగుతుంది, పక్క ఊరికి పోతుంది, మరుసటి ఏడాది మళ్లీ లేస్తుంది. రైతు రెండోసారి అంగడికి రావాల్సిన పని లేదు. ఇలాంటి సరుకుకు డీలరు ఉండడు, కమీషను ఉండదు, గోడ మీద ప్రకటన ఉండదు, రైతు సదస్సులో ఉచిత భోజనం పెట్టి చెప్పే కంపెనీ మనిషి ఉండడు. కలుపు మందుకు ఇవన్నీ ఉన్నాయి. మార్కెట్ పట్టించుకోని పనిని ప్రభుత్వం చేయాలి. ప్రభుత్వం కూడా చేయకపోతే ఆ పనికి దిక్కు లేదు.

ప్రభుత్వం ఏమీ చేయడం లేదని అనను. ఏటా ఆగస్టు 16 నుంచి 22 దాకా వయ్యారిభామ అవగాహన వారం జరుపుతారు. బ్యానరు కడతారు, పిల్లలతో ఊరేగింపు తీస్తారు, చేతికి తొడుగులు వేసుకుని నాలుగు మొక్కలు పీకుతూ ఫొటో దిగుతారు. 23వ తేదీ నుంచి మళ్లీ ఆగస్టు దాకా ఆ మొక్క పేరెత్తే వాళ్లుండరు. రెండేళ్ల కిందట ఇలాంటి కార్యక్రమంలో నేను లేచి, ఈ పురుగును మా మండలానికి తెప్పించగలరా అని అడిగాను. వేదిక మీదున్న ఒక అధికారి రాసుకున్నారు. ఆ కాగితం ఏమైందో తెలియదు. పోయిన ఏడాది అదే ఆవరణకు వెళ్లాను. ఆ కార్యాలయం ప్రహరీ లోపలే నడుమెత్తు వయ్యారిభామ పూత మీద ఉంది.

అసలు ఈ మొక్క ఎక్కువగా ఎవరి భూమిలో ఉందో ఒకసారి చూడండి. రోడ్డు పక్కన, రైలు పట్టాల పక్కన, కాలువ గట్ల మీద, మార్కెట్ యార్డుల్లో, బడి ఆవరణల్లో, పంచాయతీ పోరంబోకుల్లో. రైతు తన చేలో అప్పుచేసి పీకిస్తాడు. ప్రభుత్వ స్థలంలో విరగబూసిన మొక్క పుప్పొడి, విత్తనం గాలికి మళ్లీ ఆ చేలోకే వస్తాయి. ఈ లెక్కన రైతు ప్రతి ఏడాదీ ప్రభుత్వ కలుపును తన ఖర్చుతో తీస్తున్నాడు.

చట్టం లేక కాదు. చీడపీడలు, హానికర కలుపు మొక్కల మీద మన దేశంలో తొలి చట్టాల్లో ఒకటి 1919లో మద్రాసు రాష్ట్రంలోనే వచ్చింది. అప్పుడు మన ప్రాంతం ఆ రాష్ట్రంలోనే ఉంది. కర్ణాటక ప్రభుత్వం 1975లోనే వయ్యారిభామను హానికర కలుపుగా ప్రకటించింది. అయితే ఇలాంటి చట్టాలు ఎప్పుడూ రైతు మెడ మీదికే వస్తాయి, నీ చేలో కలుపు నువ్వు తీయకపోతే జరిమానా అని. మనం కోరాల్సింది తిరగేసి. ముందు ప్రభుత్వం తన భూమిలో కలుపు తీయాలి, ఆ తర్వాత రైతును అడగాలి.

మనం ఏం అడగాలి

సంఘం మండల, జిల్లా కమిటీలు వచ్చే తొలకరి లోపు ఈ కోరికలను వినతిపత్రంగా ఇవ్వాలని నా సూచన.

ఒకటి. కృషి విజ్ఞాన కేంద్రాలు, వ్యవసాయ విశ్వవిద్యాలయ పరిశోధన కేంద్రాలు ఈ పురుగును పెంచి, వానాకాలం మొదట్లో కోరిన ప్రతి పంచాయతీకి ఉచితంగా ఇవ్వాలి. ఒక చోట వదలడానికి ఐదువందల నుంచి వెయ్యి పెద్ద పురుగులు చాలని శాస్త్రవేత్తలే చెబుతున్నారు. ఇది కోట్ల పథకం కాదు.

రెండు. వదలడానికి ముందు గ్రామసభ పెట్టి, పురుగును చేతిలో పెట్టి చూపించాలి. కోలారులో జరిగిన తప్పు మళ్లీ జరగకూడదు. పొద్దుతిరుగుడు వేసే ఊళ్లలో పంట కాలమంతా వ్యవసాయ సిబ్బంది వచ్చి చూడాలి. నష్టం జరిగిందని రైతు చెబితే పొలానికి వచ్చి పరిశీలించి, నిజమైతే పరిహారం ఇవ్వాలి. శాస్త్రం మీద ప్రభుత్వానికి అంత నమ్మకం ఉంటే ఈ హామీ ఇవ్వడానికి భయమెందుకు?

మూడు. రోడ్లు, కాలువలు, యార్డులు, బడుల ఆవరణల్లోని వయ్యారిభామను పూతకు ముందే తీయించాలి. ఆ పనిని గ్రామీణ ఉపాధి పనుల్లో చేర్చి కూలీలకు పని ఇవ్వాలి. చేతి తొడుగులు, ముక్కుకు గుడ్డ, ఒళ్లంతా కప్పే చొక్కా ఇవ్వకుండా ఎవరినీ ఆ పనిలోకి దించకూడదు. దద్దుర్లు వచ్చిన వాళ్లకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచిత వైద్యం ఉండాలి.

నాలుగు. పురుగు మందుల దుకాణాల్లో ఈ పురుగు బొమ్మ పెద్దదిగా అంటించి, దీని మీద మందు కొట్టవద్దని రాయించాలి. అంగడాయనకు కూడా తెలియాలి కదా.

ప్రభుత్వం కదిలేలోపు మనమే చేయగలిగింది కూడా ఉంది. ఆగస్టు, సెప్టెంబరుల్లో మీ ఊరి చుట్టూ వయ్యారిభామ ఆకులు జల్లెడలా కనిపిస్తే అక్కడ ఈ పురుగు ఉన్నట్టే. పొద్దున చల్లని వేళ పెద్ద పురుగులను గాలి ఆడే డబ్బాలో, నాలుగు వయ్యారిభామ రెమ్మలు వేసి పట్టుకోండి. చేతులకు తొడుగులు మరవొద్దు. అదేరోజు పురుగు లేని చోట, ఎవరూ దున్నని, మందు పడని బీడులో, మొక్కలు దట్టంగా ఉన్న దగ్గర వదలండి. ఆ చోటును రెండు మూడేళ్లు కదిలించకండి. గట్టు మీద పురుగులున్నప్పుడు చేనికి మందు కొట్టాల్సి వస్తే గాలి చూసుకుని కొట్టండి.

మా చిన్నాయన ఆరోజు మందు కొట్టలేదు. సీసాను తిరిగి ఇచ్చేస్తానంటే అంగడాయన తీసుకోలేదు. అది ఇప్పటికీ కొట్టంలో చూరు కింద ఉంది. వారం తర్వాత గెనిమ మీద వయ్యారిభామ కాడలు మాత్రమే మిగిలాయి. అక్టోబరులో కొన్ని మళ్లీ చిగురించాయి, వాటిని పూతకు ముందే చిన్నమ్మా ఆయనా కలిసి, చేతులకు పాత సంచులు చుట్టుకుని పీకేశారు. "పురుగు సగం చేసింది, మేం సగం చేసినాం. ఆ రోడ్డు పక్కనున్నదాన్ని ఎవరు పీకల్ల?" అని అడిగాడు చిన్నాయన.

ఆయన ప్రశ్నను ఈసారి మండల కార్యాలయం గుమ్మం దగ్గర మనమంతా కలిసి అడుగుదాం.